అరుగు మీద పలికిన నూట ఇరవై

అరవైల మొదట్లో, ఉరవకొండ దారిలో మేం బస్సు మారే ఊళ్లోని మందులంగడికి రక్తపోటు చూసే పెట్టె వచ్చింది. డాక్టరు కోసం పొద్దంతా ప్రయాణం చేయాలి. ఈ అంగడాయన దగ్గరికైతే అరుగెక్కితే చాలు.

అంగడాయన మంచివాడే. చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డ నొక్కి, పాదరసం దిగుతుంటే కనుబొమలు ముడిచేవాడు. తర్వాత ఆ అంకెను మండీలో శెనక్కాయల ధర పలికినట్టు వీధంతా వినిపించేలా చెప్పేవాడు. సుఖరోగాలకు తప్ప వేరే జబ్బులకు గుట్టెందుకని ఆయన నమ్మకం. బస్సు కోసం కూర్చున్నవాళ్లకు అంతకన్నా వినోదం లేదు.

ఒకరోజు నాయన గుంటక తోలుతూ కళ్లు తిరిగి చేలోనే కూలబడ్డాడు. నేను బడిపంతులును, ఇంట్లో చదువుకున్నవాణ్ణి. అంగడికి పిలుచుకుపోయాను.

"నూట తొంభై" అని పలికాడు అంగడాయన. "ఇది మంచిది కాదు పెద్దాయనా. ఈ సర్పగంధ మాత్రలు దినామూ ఏసుకోవాల. వారానికొకసారి వచ్చి చూపించుకో."

నాయన తలూపి పొట్లం తీసుకున్నాడు. అంతలో మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు జీపు ఆగింది. ఎన్నికలు నెలలో ఉన్నాయి, ఆయన మళ్లీ నిలబడుతున్నాడు. భారీ మనిషి, మూడు మెట్లెక్కేసరికే ఆయాసం. అంగడాయన కుర్చీ తుడిచి వేశాడు. చొక్కా చెయ్యి మడవమని అడిగే ధైర్యం లేక దాని మీదనే పట్టీ చుట్టాడు. ప్రెసిడెంటు వంగి ఆయన చెవిలో ఏదో అన్నాడు.

"నూట ఇరవై. వయసు పిల్లోనికి ఉన్నెట్ల ఉండాది" అని అంగడాయన ఎప్పటికన్నా గట్టిగా పలికాడు. అరుగంతా మెచ్చుకుంది. ఇంకో ఇరవై ఏండ్లు ఈయనకు ఢోకా లేదన్నారు.

జీపు కదిలాక నాయన పొట్లాన్ని తిరిగి బల్ల మీద పెట్టాడు. "ఏమప్పా, దినామూ పొట్టేలి కూర తినే ఆయప్పకు నూట ఇరవై, సంగటి తిని సేద్యం చేసే నాకు నూట తొంభైనా? నీ పెట్టె చెడిపోయిండాది, బాగు చేయించుకో."

అందరూ నవ్వారు. నాకూ ఆ లెక్క సబబుగానే తోచింది. పిల్లలకు త్రైరాశికం చెప్పే బుర్ర మరి. అంగడాయన నోరు తెరిచాడు. అరుగు మీద మా ఊరి ఓటర్లు నలుగురు ఉన్నారు. నోరు మూసుకున్నాడు.

ప్రెసిడెంటు గెలిచాడు. శెనక్కాయలు ఇంటికొచ్చే రోజుల్లో నాయన కళ్లంలో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి.

ప్రెసిడెంటు పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "ఏమప్పా, మాత్రలు ఏసుకోవద్దా? నాకు ఆ పొద్దు రెండువందలు దాటిండె. ఓట్ల ముందర బాగుండదని అంగడాయప్పతో నూట ఇరవై అని చెప్పిచ్చినా. మాత్రలు ఇంటికే పంపిస్తాండాడు. ఒక్క దినం తప్పకుండా ఏసుకుంటాండా. చూడు, ఎట్లుండానో" అన్నాడు.

నాయన కళ్లు నా వైపు తిరిగాయి. నాకు ఆ మనిషి గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. మర్యాద తెలిసినవాణ్ణి కదా, లోపలికి పోయి మజ్జిగ తెచ్చాను.

"ఉప్పెయ్యలేదు గదా? నేను ఉప్పు తినకూడదు" అన్నాడు ప్రెసిడెంటు.

నేను మళ్లీ లోపలికి పోయి, చెంబు కడిగి, ఉప్పు లేని మజ్జిగ తెచ్చిచ్చాను. ఆయన తాగినంతసేపూ నాయన నన్నే చూస్తూ ఉన్నాడు.