కిటికీలో మట్టిగూడు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో అత్తగారింట్లో నా గదికి ఉన్నది ఒకటే కిటికీ. ఆ ఎండాకాలం, సగం తెరిచిన దాని రెక్కకూ చట్రానికీ మధ్య ఒక కందిరీగ మట్టిగూడు కట్టింది. ఇంట్లో మట్టిగూడు కడితే కోడలు నీళ్లోసుకుంటుందని నమ్మకం. పెళ్లయి మూడేళ్లయినా నాకు పిల్లల్లేరు. ఇక అత్త సంబరానికి పట్టపగ్గాల్లేవు. గూడు పగులుతుందని కిటికీ రెక్క ముట్టనివ్వలేదు. జానెడు సందులోంచే గాలీ వెలుతురూ. గూట్లోని పిల్ల బయటికొచ్చేదాకా నేను ఊరు దాటకూడదని కూడా కట్టడి చేసింది.

అప్పటికి ఆదోనిలో మా అమ్మ మంచం పట్టి నెలయింది. ఒక్కసారి చూసొస్తానని అత్తను బతిమాలాను.

"గూడు తెరుసుకోనీ మే, అప్పుడు పోదువు" అంది.

ఆదోని ఎంత దూరమని? ఒక పురుగు దయ కోసం ఆ ఉక్కలో కూర్చున్నందుకు ఒళ్లు మండేది. గూడును చూడ్డం తప్ప పనేముంది. తల్లి కందిరీగ ఆకుపచ్చ పురుగుల్ని కుట్టి తెచ్చి లోపల కుక్కేది. అవి చావవు, కదలవు. వాటిని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టే ఉండేది. అది మూత పెట్టి పోయాక, ఒక మధ్యాహ్నం నెమలి మెడ రంగులో మెరిసే మరో ఈగ వచ్చింది. తోకతో గూటికి చిల్లు పొడిచి, కాసేపు అక్కడే ఉండి, చిల్లు పూడ్చి పోయింది. చెబితే ఇంకేం కట్టడి పెడుతుందోనని అత్తకు చెప్పలేదు.

నెల తిరిగాక గూడు తెరుచుకుంది. వచ్చింది కందిరీగ కాదు, ఆ మెరిసేదాని పిల్ల. గూడు కట్టినదాని పిల్లను తిని పెరిగే జాతి అదనీ, మట్టిగూళ్లున్న ఎండ దేశాలన్నిటా ఉంటుందనీ చాలా ఏళ్లకు తెలిసింది. అత్త ముఖం మాడిపోయింది. ఇది లెక్కలోకి రాదు, మళ్లీ కట్టేదాకా ఉండమంది.

ఆ మాటతో నాకు పూనకం వచ్చినట్టయింది. రెండు చేతులా రెక్కను తోసేశాను. గూడు నేలమీద పడి పొడైంది. అత్త నెత్తి బాదుకుంది. మా ఆయన నన్ను ఆదోని బస్సెక్కించాడు.

అమ్మ నన్ను గుర్తుపట్టింది. గూడు కట్టిందన్న కబురు ఆదోని చేరేసరికి నేను నీళ్లోసుకున్నానన్న కబురుగా మారిందట. బస్సు కుదుపులు మంచివి కావని, నన్ను పిలిపించవద్దని నాన్నను అమ్మే ఆపిందట. చెయ్యి నా కడుపు మీద పెట్టి, "ఎన్నో నెల అమ్మీ?" అని అడిగింది.

మూడో నెల అన్నాను.