ఉచిత వారం ఇంజనీరు

ఈ సంగతి నేనే రాసిపెట్టక తప్పడం లేదు. ఎందుకంటే పాన్‌గల్ చుట్టుపక్కల ఇది ఇప్పటికే నాలుగు రకాలుగా చెలామణిలో ఉంది. మా బావ చెప్పే కథలో నేను ముహూర్తం వేళకు పల్లిచేనుకు అడ్డంపడి పారిపోతాను. మేస్త్రి చెప్పే కథలో వెక్కివెక్కి ఏడుస్తాను. మొన్న వనపర్తి బస్సులో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూచుని నా కథ నాకే చెప్పి, "ఆ ఇంజనీరుది గద్వాలంట. జర తిక్కలోడంట" అని ముగించాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ "అయ్యో పాపం" అన్నాను. ఇంకేమనను?

కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఘోరమే జరిగింది. చేసింది నేనే. కానీ పారిపోలేదు, ఏడవలేదు. తిక్క సంగతి మాత్రం చదివాక మీరే తేల్చండి.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. నేను గద్వాలలో పత్తి విత్తనాల గోదాములో గుమాస్తాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది గానీ చదవడం ఆగలేదు. గ్రంథాలయంలో ఇళ్ళ నిర్మాణం గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. అన్నీ అంటే బీరువాలో ఒక అర. వాస్తు దగ్గర మొదలుపెట్టి పాలిటెక్నిక్ పిల్లల పాఠ్యపుస్తకం దాకా ఒక్కటీ వదల్లేదు. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా వాళ్ళిచ్చిన మంచినీళ్ళు గొంతు దిగకముందే "ఇక్కడ వాయుప్రసరణ సరిగా లేదు" అనేవాణ్ణి. అప్పటినుంచి మంచినీళ్ళు కూడా తగ్గాయి.

మా అక్క పద్మను పాన్‌గల్ దగ్గరి ఊరికి ఇచ్చాం. బావ వెంకటయ్యది పల్లి వ్యవసాయం. వాళ్ళుండేది పాత మట్టిమిద్దె. కిందటి వానాకాలంలో దాని వంటింటి గోడ నిండు నెలల గర్భిణిలా పొట్ట ముందుకు పెట్టింది. అక్క దానికి రెండు మొద్దులు ఆనించి, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను గోడ మీద పెట్టి ఏడాదిగా వండుతోంది. ఇంకో వానాకాలానికి ఆ గోడ ఆగదని అందరికీ తెలుసు. అందుకే పక్కనున్న తమ జాగాలోనే చిన్న ఇల్లు మొదలుపెట్టాలనుకున్నారు. పంతులు ఒక ముహూర్తం చూశాడు. అది తప్పితే మూఢం. మూఢం పోయేసరికి వానలు. అంటే ఆ పొద్దున ముగ్గు పడి పునాది మొదలు కావలసిందే. లేకపోతే ఆ గోడ కిందే ఇంకో వానాకాలం.

అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మేస్త్రి దావీదన్న అందరికి కట్టినట్టే కడ్తనంటుండు. నువ్వు పుస్తకాలు సదివినోనివి. నువ్వేమంటవ్?"

ఆ ఒక్క మాటకు నేను పూరీలా పొంగాను. "అందరికి కట్టినట్టు మనకెందుకక్కా? నేను గీస్త. కంప్యూటర్ల గీస్త."

"కంప్యూటర్లనా!" అంది అక్క. సాయంత్రానికల్లా ఆ సంగతి వాడంతా తెలిసిపోయింది. బోరింగు దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడమనిషికీ "మా తమ్ముడు ప్లాను గీస్తుండు" అని చెప్పిందట. ఇక వెనక్కి తగ్గితే నా పరువొక్కటే కాదు, అక్క పరువూ పోతుంది.

పెద్ద పెద్ద ఇంజనీర్లు వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టాను. మొదటి వారం అంతా ఉచితమన్నారు. గోదాములోని కంప్యూటర్ ముందు, భోజనాల వేళ, కూర్చున్నాను. రెండు గదులు, వంటిల్లు, చుట్టూ మూసిన వసారా, గోడలన్నీ మొదటి రోజే అయిపోయాయి. బుద్ధున్నవాడైతే అప్పుడే ఒక కాగితం అచ్చు తీసుకుని లేచిపోయేవాడు. నేను లేవలేదు. అందులో పరదాలున్నాయి. పూలకుండీలున్నాయి. గోడమీద పడే సాయంకాలపు ఎండ రంగు మార్చుకునే వీలుంది. ఆలు లేదు చూలు లేదు, కిటికీ పరదా మాత్రం పట్టుది. వందలాది తలుపుల్లోంచి ఏరి, చెక్కడపు పనితో ఇత్తడి బొడిపెలున్న రెండు రెక్కల సింహద్వారం ఒకటి పెట్టాను. కోటలో పెట్టాల్సిన తలుపది. చివరికి ఇంటి ముందు ఫౌంటెన్ కూడా పెట్టి, బొమ్మ అక్కకు పంపాను.

"తమ్మీ, ఇది మనిల్లేనా? ముంగట నీళ్ళెగురుతున్నయేంది?"

"ఫౌంటెనక్కా. అందం కోసం."

"ఈడ తాగనీకి నీళ్ళు దినం తప్పి దినం వస్తున్నయ్."

"ఇంటికి శోభ అక్కా!"

"సరే ఉండనియ్యి. బర్రె తాగుతది."

అలా శోభ దిద్దుతుండగానే వారం గడిచిపోయింది. మరునాడు కంప్యూటర్ తెరిస్తే, "మీ ఉచిత వారం ముగిసింది. ఏదైనా ఒక ప్లాన్ ఎంచుకోండి" అని తెరనిండా రాసి ఉంది. కింద ఏడాది చందా. అది రూపాయలా డాలర్లా అని కళ్ళు నులుముకుని చూశాను. రూపాయలే. పన్ను అదనం. ఆ సొమ్ముతో అక్క వంటింటికి ఇటుకంతా దిగుతుంది. కంప్యూటర్ వరమిచ్చినా కంపెనీ వరమివ్వదంటే ఇదే కాబోలు. అక్కడున్న నంబరుకు ఫోన్ చేశాను.

"నమస్తే సార్, నా పేరు ప్రియ. మీరు ఆర్కిటెక్టా, ఇంటీరియర్ డిజైనరా?"

"తమ్ముణ్ణి."

"అర్థం కాలేదు సార్."

"మా అక్కకు తమ్ముణ్ణి. ఒక్క ఇల్లు గీసుకుంట, ఒక్కసారి పైసలిస్త. ఎంతైతదమ్మా?"

"ఒక్కసారి కట్టే పద్ధతి లేదు సార్. ఏడాదికే. కానీ ఒకే చందా మీద ఐదుగురు వాడుకోవచ్చు."

"మా ఇంట్ల ఐదుగురమే ఉన్నం గానీ నలుగురికి మౌస్ పట్టనీకి రాదు."

"ఏడాదిలో ఎన్ని ఇళ్ళైనా గీసుకోవచ్చు సార్!"

"నాకున్నది ఒక్కతే అక్క తల్లీ!"

ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంది. ఇంతకుముందు చేసిన సహాయమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ గోడు బావతో వెళ్ళబోసుకున్నాను. బావ శ్రద్ధగా విని, "అంటే ఎట్లంటే బామ్మర్ది, మనం కొడవలి కొన్నంక, కోతకోతకు కమ్మరాయన గెట్టు మీదికొచ్చి చెయ్యి సాపినట్టు" అన్నాడు.

"అంతే బావా."

"మరి కొడవలి మనదెట్లయితది?"

నేను మళ్ళీ గోదాము కంప్యూటర్ దగ్గరికే వెళ్ళాను.

చందా కట్టనివాళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక పేదల భాగం ఉంది. అందులో నా ప్లాను తెరుచుకుంది గానీ, డబ్బు కట్టాల్సిన వస్తువులన్నీ మాయమయ్యాయి. పరదాలు, ఫౌంటెన్, సాయంకాలపు ఎండ, అన్నీ పోయాయి. గోడలు, గదికీ గదికీ మధ్య దారులు, కిటికీలు మిగిలాయి. సామాన్లలో ఉచితంగా ఇచ్చేది ఒక్క మంచమే. సరే, నేనా తగ్గేది? పొయ్యి ఉండాల్సిన చోట మంచం పెట్టాను. పల్లికాయ బస్తాల చోట మంచాలు. కొట్టంలో బర్రె బదులు కూడా మంచమే. ఇలా మంచాలు సర్దడంలో మునిగిపోయి, ఇంకేం మాయమైందో చూసుకోలేదు. సొంతంగా గీసిన ఇల్లు కదా, నాకు కంఠతా వచ్చు అనుకున్నాను. గోదాము ప్రింటరులో కాగితం తీశాను. దానిమీద, ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా, రెండు గీతల మధ్య కంపెనీ ముద్ర పడింది. ఉచితమంటే అంతే మరి.

ముహూర్తం రోజు తెల్లవారగానే అక్కడున్నాను. చొక్కా టక్ చేసుకుని మరీ వెళ్ళాను. బావ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్ని మంచాలేంది బామ్మర్ది? ఇల్లు కడ్తున్నమా, దవాఖాన కడ్తున్నమా?"

"అవి గుర్తులు బావా. మంచాలు కావు."

మేస్త్రి దావీదు ముగ్గుపిండి బకెట్టు పట్టుకుని వచ్చాడు. ఆయనతో నేనన్న మాటలు ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. "దావీదన్నా, మంచాలు ఇడ్సిపెట్టు. మిగతాదంత కాగితంల ఎట్లుంటె గట్లనే పొయ్యాలె. ఒక్క గీత తప్పొద్దు. సొంత తెలివి అస్సలొద్దు."

"సరే సారూ" అన్నాడు దావీదు. ఆ "సరే"లో ఏముందో ఆ క్షణాన నేను గమనించలేదు.

నేను పంతులుగారి పక్కన కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ, సహజకాంతి గురించి ఆయనకు బోధించడం మొదలుపెట్టాను. ఆయన మంత్రం ఒకటి మొదలుపెట్టి తప్పించుకున్నాడు. ఇంతలో బావ కేక వినిపించింది.

"బామ్మర్ది! వంటింట్లకెల్లి వసారాలకు గా వాలుగోడలేంది, రెండు?"

లేచి చూశాను. కంపెనీ ముద్ర చుట్టూ ఉన్న రెండు గీతలనూ దావీదు ఇంటి ఈ మూల నుంచి ఆ మూలకు తూచా తప్పకుండా ముగ్గు పోశాడు.

"దావీదన్నా, అవి గోడలు గావు, ముద్ర!"

"నాకూ డౌటొచ్చింది సారూ. అడుగుదమంటె సొంత తెలివొద్దంటివి."

చీపురు తెచ్చి ఆ గోడలను కూల్చేశాం. అప్పటికే వాడలోని జనం మూగారు. "గింతేనా, ఇంక పంతులుగారు కానీయండి" అని నేను చేతులు దులుపుకున్నాను. ఆ ధైర్యం చూస్తే ఇప్పటికీ నాకే ముచ్చటేస్తుంది.

పంతులు అక్క చేతిలో కలశం పెట్టాడు. "అమ్మా, కుడికాలు ముందల పెట్టి, తలుపుకెల్లి లోపలికి రా. గీత మాత్రం తొక్కొద్దు. అశుభం."

అక్క కొత్తచీర కొంగు నడుముకు దోపుకుని బయలుదేరింది. ముందు వైపు చూసింది. పక్కకు తిరిగింది. వెనక్కి వెళ్ళింది. ఇంటి చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి చోటికే వచ్చింది. వెనకాలే బావ, బావ వెనక చుట్టాలు, వాళ్ళ వెనక వాడ. అందరూ కలిసి ప్రదక్షిణం చేసినట్టైంది.

"తమ్మీ, నేను లోపలికెట్ల రావాలె?"

"తలుపుకెల్లి రా అక్కా."

"ఏది తలుపు?"

కాగితం చూశాను. తిప్పి చూశాను. ఎండకు పెట్టి చూశాను. దావీదు నా భుజం మీదుగా తొంగిచూసి, "కాగితంల లేదు సారూ" అన్నాడు.

లేదు. ఇంటి లోపల గదిగదికీ దారులున్నాయి. గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి హాయిగా తిరగొచ్చు, పుట్టడమే ఆ ఇంట్లో పుట్టి ఉంటే. నేను ఏరికోరి పెట్టిన సింహద్వారం డబ్బు కట్టాల్సిన వస్తువు. ఫౌంటెన్‌తో పాటే అదీ పోయింది. అది పోయిన చోట సాఫ్ట్‌వేర్ ఎంతో శుభ్రంగా గోడ పూడ్చేసింది.

"ఏమైంది తమ్మీ, చెప్పు?"

నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. వాడంతా సాక్షి. "తలుపుకు పైసలు కట్టలే అక్కా."

బావ నేలమీద కూలబడి నవ్వాడు. ఎవరో ముసలమ్మ, "మంచిదే బిడ్డా, దొంగల భయముండది" అంది. పంతులు గడియారం చూసుకుని, "నవ్వుడు తర్వాత. ఘడియలు దాటుతున్నయ్" అన్నాడు. అంతే, నవ్వులు ఆగిపోయాయి. అక్క పాత మిద్దె వైపు చూసింది. మొద్దులమీద ఆనుకుని ఆ గోడ అలాగే పొట్ట ముందుకు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆగండి, ఆగండి. శాస్త్ర ప్రకారం సింహద్వారం స్థానం లెక్కగట్టాలె. ముందల గోడను భాగాలు చేసి..." అంటూ నేను జేబులో పెన్ను వెతుకుతున్నాను.

అక్క వినలేదు. కలశం బావ చేతికిచ్చి, ముందు గోడ దగ్గరికి నడిచి, చీర కాస్త పైకి పట్టుకుని, ముగ్గు గీతను కాలితో పరపరా చెరిపేసింది. ఒక మనిషి, నెత్తిమీద బస్తాతో, ఒరుసుకోకుండా పట్టేంత జాగా.

"ఇగో, ఈడ. ఈడికెల్లి చూస్తే కొట్టం కనవడ్తది, మీ బావ చేన్లకెల్లి వచ్చేది కనవడ్తది."

"అక్కా, గట్ల కాదు, ఏ భాగంల పడిందో..."

"ఊకో తమ్మీ. దీనికి ఏడాదేడాది కట్టేది లేదు గదా?"

"తూర్పే, బాగుంది, రా తల్లీ రా!" అని పంతులు గంట మోగించాడు. అక్క కలశం అందుకుని కుడికాలు లోపల పెట్టింది. ఘడియలు ఇంకా మిగిలే ఉన్నాయి.

వానలు దిగేనాటికి కొత్త వంటింటి గోడలు లేచి, పైన రేకులు పడ్డాయి, పొయ్యి అక్కడికి మారింది. ఒక మధ్యాహ్నం అక్క కొత్త పొయ్యి మీద రొట్టెలు చేస్తుంటే, పక్కన పాత గోడ దబ్బున కూలింది. దాని కింద రెండు మొద్దులు తప్ప ఎవరూ లేరు. ఆ కబురు ఫోన్‌లో విని, గోదాములో విత్తనాల సంచిమీద కాసేపు అలాగే కూచుండిపోయాను. ఏడ్చానని ఎవరైనా అంటే అది అప్పటి సంగతి, ముగ్గునాటిది కాదు.

ఇప్పుడు నా ప్రతిజ్ఞ. గోదాములోని సమస్త విత్తనాల సాక్షిగా చెబుతున్నాను: ఇకమీదట "మొదటి వారం ఉచితం" అనే మాట ఎక్కడ కనబడినా చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుతాను. ఎవరి ఇంట్లోనూ గాలి గురించి మాట్లాడను. పీల్చుకుని వచ్చేస్తాను.

చివరగా కృతజ్ఞతలు. చీపురు పట్టి నాతోపాటు గోడలు కూల్చిన మేస్త్రి దావీదుకు. ఘడియలను కాస్త సాగదీశారేమోనని నాకు అనుమానమున్న పంతులుగారికి. ఓపికగా విన్న ప్రియగారికి. ఈ కథను ఊరూరా మోస్తున్న బావ వెంకటయ్యకు. అందరికంటే ఎక్కువగా అక్క పద్మకు. గృహప్రవేశం నాడు చుట్టాలందరినీ వాకిట్లో ఆపి, ఆమె నన్నే ముందుకు తోసింది.

"పో తమ్మీ, ముందుగాల నువ్వే పో. లోపలికి దారి దొరుకుతదో లేదో చూడు."