రాజయ్య కాక కొట్టేసిన మాట

దయ్యాలూ ఆత్మలూ నాకు పడవు. మాది గోదావరిఖనిలో కిరాణా కొట్టు. తక్కెడలో పెట్టి తూచలేనిదాన్ని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఇది భయంతో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. అందులో సగం నా మీదే.

గనుల మీద కథనం రాయడానికి ఒక అమెరికా పత్రిక మేగన్ అనే కుర్ర విలేకరిని పంపింది. నాకు ఇంగ్లీషు వచ్చని దుబాసీగా పెట్టుకుంది. బేరమాడి, మధ్యాహ్నం భోజనం కూడా రాబట్టుకున్నాను.

సెంటినరీ కాలనీలో ఉండే రాజయ్య కాక దగ్గరికి తీసుకెళ్లాను. రిటైరైన గని కార్మికుడు. చాలా ఏళ్ల కిందట గనిలో కప్పు కూలి ఆయన జోడీదారు పోశం చనిపోయాడు. తాగి దిగాడు కాబట్టే పోయాడని అందరూ అన్నారు. ఆ మాటను పోశం భార్య లచ్చవ్వ ఇంకా మోస్తోంది.

"పోశం తాగలే బిడ్డా. నా కాలు ఇరుక్కుంటే గుంజనీకి ఎనుకకు మర్లిండు. గిది పేపర్ల రావాలె. లచ్చవ్వ వదినె ఇనాలె" అన్నాడు కాక.

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు నా కొట్టుబుద్ధి ఊరుకోలేదు. మేగన్ ఇంకేదో కావాలన్నట్టు చూసింది. సరుకు మీద కొసరు వేసినట్టు, "మత్తులో లేడు, ఒళ్లునొప్పులకు ఒక్క గుక్క వేశాడంతే" అని కలిపాను. కాకకు ఇంగ్లీషు రాదు. కలిపిన సంగతి నాకొక్కడికే తెలుసు.

నెల తిరిగేసరికి కాక గుండె ఆగి పోయాడు. ఆదివారం మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

శుక్రవారం మేగన్ ఫోన్ చేసింది. అచ్చుకు ముందు ప్రతి మాటనూ చెప్పినవాళ్లకే చదివి సరిచూసుకోవడం వాళ్ల పద్ధతి. అందుకు ఆఫీసులో వేరే అమ్మాయి ఉంటుంది. ఆమె తెలుగు తెలిసిన మనిషిని లైన్లో పెట్టుకుని, ముందురోజే, అంటే గురువారమే, కాకతో పదకొండు నిమిషాలు మాట్లాడిందట. గుక్క సంగతి తాను అనలేదని కాక కొట్టేయించాడట. "అది కొట్టోడు వేసిన..." అన్నాడట. మేగన్ నోట్సులోని ఆ చివరి మాటను కూడబలుక్కుంటూ చదివింది. "కొ-స-రు. అంటే ఏమిటి?"

వెంటనే బండి తీసి కాక ఇంటికి వెళ్లాను. ఫోను బీరువాలో ఉంది, ఛార్జింగు లేదు. కాక పోయిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదన్నారు. ఛార్జింగు పెట్టి చూశాం. గురువారం ఒక్క కాలూ లేదు. మేగన్ పంపిన కాల్ జాబితాలో మాత్రం అదే నంబరు, పదకొండు నిమిషాలు.

నా జన్మకు ఒక్కసారి పూర్తి నిజం చెప్పాను. కలిపింది నేనే అన్నాను. కాక ఆదివారమే పోయాడనీ చెప్పాను. అంతే, వాళ్ల సంపాదకులు పోశం సంగతి మొత్తం పీకేశారు. చనిపోయినవాడు ఒప్పుకున్న మాట వేయలేరట! మేగన్ తీసుకున్న కాక మాటల రికార్డింగు ఉందిగా, వేరేవాళ్లతో తర్జుమా చేయించండని బతిమాలాను. పేరా నుంచి వాక్యానికి దిగి బేరమాడాను. చోటు లేదన్నారు. బొగ్గు కుప్ప ఫొటోకు మాత్రం సగం పేజీ దొరికింది.

చదివి వినిపిస్తానని మాటిచ్చాను కాబట్టి లచ్చవ్వ కొట్టుకొచ్చింది. "అచ్చిందా బిడ్డా?" అంది. జరిగిందంతా చెప్పాను.

"సచ్చినోడు ఫోనెత్తి చెప్పినా ఇనకపాయె. ఇగ ఎవలు చెప్పాలెరా?"

ఆ పదకొండు నిమిషాలు కాక నంబరు మీద మాట్లాడింది ఎవరో నేనింకా ఏ తక్కెడలోనూ తూచలేకపోతున్నాను.