అమీర్‌పేటలో నేను తెచ్చిన వరద

అమీర్‌పేటలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా నీళ్లు దూకుతూ రోడ్డెక్కాయంటే మీరు వర్షమనుకుంటారు. కాదు, అది నా పాఠం.

అప్పుడే పంజాగుట్టలో గది తీసుకుని, ఒక శిక్షణ సంస్థలో ఇండస్ట్రియల్ ఆటోమేషన్ చెప్పే ఉద్యోగంలో చేరాను. యజమాని ప్రసాదరావు గారు ముందే హెచ్చరించారు. "ఆదివారం డెమో క్లాసండీ. పిల్లలు చేరితేనే మీకు ఉద్యోగం."

ఫ్యాక్టరీలను అదుపులో పెట్టే పరికరాల చరిత్రంతా ఒక్క క్లాసులో చూపించేద్దామనుకున్నాను. బల్ల మీద నీళ్ల డ్రమ్ము, దానికి మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు, మధ్యలో కంప్యూటర్ ఆడించే వాల్వు. పైపుకు చేత్తో తిప్పే వాల్వు కూడా ఒకటుండేది. పాతకాలపు వాసన వస్తోందని పొద్దున్నే ప్లంబరును పిలిచి తీసేయించాను.

"మొదట్లో బాయిలర్ దగ్గర మనిషి నిలబడి, మీటరు ముల్లు చూస్తూ వాల్వు తిప్పేవాడు. తర్వాత గాలి ఒత్తిడితో నడిచే పరికరాలొచ్చాయి. ఆపైన ఎలక్ట్రానిక్‌వి. ఇప్పుడు కంప్యూటర్. ఇక మనిషితో పనేముంది?" అంటూ ప్రారంభోత్సవానికొచ్చిన మంత్రిలా మీట నొక్కాను.

డ్రమ్ము నిండేకొద్దీ వాల్వు మూసుకోవాలి. నేను సెట్టింగు తలకిందులు చేశాను. నిండేకొద్దీ అది ఇంకా తెరుచుకుంటోంది, వద్దన్నకొద్దీ వడ్డించే అత్తగారిలా.

"సార్, నిండుతున్నది," అన్నాడు ముందు బెంచీలోని మహేశ్, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ కుర్రాడు.

"కంగారు వద్దు. దానికి తెలుసు."

"సార్, పొర్లుతున్నది."

"అది ఆలోచిస్తోంది."

"జర జల్ది ఆలోచించుమనుండ్రి సార్, నా చెప్పులు పోతున్నయ్."

ప్లగ్గు పీకేశాను. కరెంటు పోతే పూర్తిగా తెరుచుకునే రకం వాల్వని అప్పుడు గుర్తొచ్చింది. అడుసు తొక్కి కాలు కడుక్కునేవాళ్లను చూసుంటారు. నేను కాలు కడుగుతూ అడుసు చేశాను.

ప్రసాదరావు గారు ప్యాంటు మడుచుకుంటూ వచ్చారు. "ఏంటండీ ఇది? చేతి వాల్వు కట్టేయండి."

"తీసేయించానండి."

"ఎందుకండీ?"

"చరిత్రలో బాగా వెనకబడి ఉందని."

ఆయన ట్యాంకు కట్టేయడానికి మిద్దె మీదికి పరిగెత్తారు. అంతలో కింద చాయ్ హోటల్ నడిపే ఇక్బాల్ భాయ్ నిలువునా తడిసి మెట్లెక్కి వచ్చాడు. ఉద్యోగంతోపాటు పళ్లూ పోతాయనుకున్నాను.

"తప్పయింది భాయ్. ఇప్పుడే ఆపేస్తున్నారు."

"ఆపుడెందుకు?" అన్నాడాయన. "నిన్నటి సంది మా నల్లల చుక్క నీళ్లు లెవ్వు. మెట్ల కాడ డ్రమ్ము పెట్టిన, సగమే నిండింది. జర నిండేదాంక నడువనియ్యి అన్నా."

విచిత్రమేమిటంటే పిల్లలు చేరారు. తప్పు ఎలా జరుగుతుందో ఇంత వివరంగా చూపించిన సంస్థ అమీర్‌పేటలో ఇంకోటి లేదట.

ఆ సాయంత్రం బట్టలు ఆరేసుకుంటూ, గదిలోని కుక్కరు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ నీళ్లతో పాఠం చెప్పను. తప్పనిసరైతే ఇసుకతో చెబుతాను.