బెల్లం పెనం రేకుతో బిగిసిన చట్రం

జనవరి ఇరవై, ఆదివారం. ప్రార్థన నుంచి వచ్చాక మా వరండాలో ఉన్నవాళ్ళం: నేను, మా అక్క, ఆమె కొడుకు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ డైరీలో ఇలా తేదీ, ఎవరెవరున్నారన్నదీ ముందు రాసుకోవడం నాకు అలవాటు. మేనల్లుడు పాఠాలు చెప్పే కాలేజీలో విద్యార్థులు సొంతంగా కారు కడుతున్నారట. దాని చట్రం ఫొటో ఫోనులో చూపించాడు. అక్క కళ్ళజోడు సవరించుకుని చూసి, "పైపులన్నీ గుండ్రమేటి బాబూ? రేకు దేనికి ఆనుతాది?" అని అడిగేసరికి, చోడవరంలో వాళ్ళ పాత పెరడు నా కళ్ళముందు నిలిచింది.

మా బావగారికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. బస్సు మెట్లు ఎక్కలేక, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా పనికి రోజూ పక్కింటాయన సైకిల్ వెనక కూర్చుని వెళ్ళేవారు. ఎవరినీ అడగకుండా తన పనికి తాను వెళ్ళాలన్నదే ఆయన కోరిక. అందుకే పాత ఆటో ఇంజనొకటి కొని, అన్నీ చేత్తోనే నడిపేలా చిన్న కారు కట్టడానికి పూనుకున్నారు.

పైపుల ఎంపికకే ఎంత ఆలోచించారని! గుండ్రటి పైపు మెలికకు తొందరగా లొంగదు గానీ, రెండింటిని కలిపేచోట ఒకదాని ఒంపుకు సరిపడేలా రెండోదాని కొసను ఓపిగ్గా ఆకురాయితో అరగదీయాలి. చదరపు పైపును రంపంతో తిన్నగా కోస్తే చాలు, దాని మీద రేకూ చదునుగా కూర్చుంటుంది. చివరికి తలపై కమానుకు గుండ్రటిదీ, తక్కినదంతా చదరపుదీ అని తేల్చి, వెల్డింగు కూడా తానే చేశారు. తీరా ఒక మూల జాకీ పెట్టి ఎత్తితే ఆ మూల ఒక్కటే లేచింది, పక్క మూల నేలను వదల్లేదు. చట్రం మెలి తిరుగుతోంది. బావగారు చేతికర్ర అందుకుని లోపలికి వెళ్ళి, పైపులన్నీ పాత ఇనుము కొట్టుకు ఇచ్చేయమన్నారు.

అక్క ఒప్పుకోలేదు. "బెల్లం పెనం రేకు పలచనే గదా? నిండా పాకంతో నలుగురు ఎత్తినా మెలి తిరిగిందేటి? అడుగూ గోడలూ ఒకదాన్నొకటి పట్టుకునుంటాయి. మీ బండికి ఎముకలే ఉన్నాయి, పైన తోలు ఏదీ?" అంది. నా వైపు తిరిగి, "ఒరే, నాన్న కళ్ళంలో పాత పెనముంది, బండి మీద పట్రా" అని పురమాయించింది.

చెరుకు రసం కాచే ఆ వెడల్పాటి పెనాన్ని తెచ్చాను. దాని రేకును కోసి అడుగూ, రెండు పక్కలూ, ముందు భాగమూ మూసేలా అతికారు. ఎంత తోమినా దాని మడతల్లో ఏళ్ళనాటి బెల్లం మిగిలిపోయింది. వెల్డింగు వేడి తగలగానే వీధంతా మాడు వాసన కమ్మింది. "ఎవరింట్లోనమ్మా, పాకం మాడిపోతంది!" అని గోడ అవతలి నుంచి ఎవరో కేకేశారు. బావగారు ముఖానికి అడ్డుపెట్టుకున్న అద్దం తీసి, "ఒసే, నేను కారు సేస్తన్నానా, అరిసెలు వండుతన్నానా?" అని చాలా రోజుల తర్వాత నవ్వారు.

మర్నాడు ఉదయానికి చట్రమంతా చీమలు. వాటిని దులుపుకుంటూనే జాకీ పెట్టాం. ఈసారి రెండు మూలలూ కలిసి లేచాయి. నమ్మలేక బావగారు దించి మళ్ళీ ఎత్తించారు. తర్వాత చక్రాలూ సీటూ లేని ఆ చట్రంలో పీట వేసుకుని కూర్చున్నారు. అంతలో పక్కింటాయన సైకిల్ తెచ్చి గంట కొట్టాడు. "ఇంకొన్నాళ్ళు మొయ్యి బాబూ, తర్వాత నిన్నే నేను ఎక్కించుకుంటాను" అన్నారు బావగారు, చట్రంలోంచి లేవకుండానే.

అన్నట్టే ఎక్కించుకున్నారు కూడా. ఇప్పుడు బావగారూ లేరు, ఆ పక్కింటాయనా లేడు. గోవాడ రోడ్డు మీద ఎన్నో మంచి కార్లు, అద్దాలు ఎత్తుకుని, ఒక్కొక్క మనిషితో వెళ్ళిపోతుంటాయి.