తిరగేసిన జాకెట్టు

మొన్న సుచిత్ర చౌరస్తా దగ్గర టైలర్ దుకాణంలో కుట్టుమిషన్ నూనె వాసన తగలగానే రహీమా ఆపా గుర్తొచ్చింది. కుట్టే అమ్మాయి నా నీలం జాకెట్టు తిరగేసి, "లోపల గీ కుట్టేంది, గిన్ని సూది చిల్లులేందక్కా?" అంది. చెంపలు వేడెక్కాయి. ఇన్నేళ్ళయినా ఆ కుట్ల సంగతి ఎవరైనా అడిగితే తల దించుకోవాలనిపిస్తుంది.

గౌడవెల్లిలో ఆపాది మా పక్కిల్లు. అరుగు మీద మిషన్ పెట్టుకుని ఊరందరి జాకెట్లూ కుట్టేది. పేగు క్యాన్సర్‌కి నాకు మందులు ఎక్కిస్తున్న రోజుల్లో జాకెట్లు వదులైపోతుంటే ఆమెకే ఇచ్చేదాన్ని. బట్ట కత్తిరించకుండా, పాత కుట్టు పక్కనే లోపలికి కొత్త కుట్టు వేసేది. మా ఇంట్లో జబ్బంటే పథ్యమే. గుడ్డు, మాంసం, పప్పు, పెరుగు మానేసి పలచటి జావ మీదే ఉండేదాన్ని. అలా ఉంటేనే రోగం లొంగుతుందని మా అత్తమ్మ నమ్మకం, నాదీ అదే. తేలిన ఎముకలు ఎవరికీ కనబడకూడదని ఎండాకాలంలోనూ స్వెటర్ వేసుకునేదాన్ని. బరువు మరీ తగ్గితే మందు ఆపేస్తారని ఎక్కడో విని, ఆస్పత్రిలో తూకానికి నీళ్ళసీసాల సంచి భుజాన ఉంచుకునే ఎక్కేదాన్ని. అంత తెలివి నాది!

మళ్ళీ జాకెట్టు ఇస్తే ఈసారి ఆపా టేపు తీయలేదు.

"ఇగ నేను కుట్ట బేటీ. బట్ట సాగలే, నువ్వే కరిగిపోతున్నవ్. డాక్టర్‌కు జెప్పినవా?"

"ఆకలైతలేదు ఆపా, నోరంత పుండ్లు. గీ బీమారంటే గంతే గదా."

"గా మాట డాక్టర్‌ను అననీ."

మర్నాడు నాతో బస్సెక్కింది. డాక్టరు గదిలో తన సంచిలోంచి నా నీలం జాకెట్టు తీసి, తిరగేసి, బల్ల మీద పరిచింది. "సూడున్రి సార్, ఉగాది సంది గిన్ని కుట్లేసిన." పరాయి మగవాడి ముందు నా జాకెట్టు! సిగ్గుతో చచ్చిపోయాను. లాక్కోబోతే ఆపా పట్టుకునే ఉంది. డాక్టరు కుట్లు చూశాడు, నా భుజాన సంచి చూశాడు, అది దించి మళ్ళీ తూకం ఎక్కమన్నాడు.

కోప్పడలేదు. కరిగేది రోగం కాదని, కండ అని, ఇలాగైతే ఒళ్ళు మందును తట్టుకోలేదని చెప్పాడు. నోటిపుండ్లకూ వికారానికీ మందు రాసి, ఆహారం గురించి చెప్పే మేడమ్ దగ్గరికి పంపాడు. ఆమె పథ్యం మాన్పించింది. గుడ్డు, మెత్తటి పప్పన్నం, పెరుగు, పల్లీపొడి. ఆకలి కోసం ఎదురుచూడకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమంది.

తిరుగు బస్సులో "నా ఇజ్జత్ తీసినవ్ ఆపా," అన్నాను.

"తీసిన. ముందు తిను. తిన్నంక కొట్లాడుదువు."

ఆ తర్వాత రోజూ ఉడికిన గుడ్డు తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. నేను తేరుకున్న కొద్దీ ఒక్కో కుట్టు విప్పుతూ వచ్చింది. ఒక్కటి మిగిలుండగా గుండెపోటుతో పోయింది. మా కొట్లాట జరగనే లేదు.

దుకాణంలో ఆ అమ్మాయి ఇంకా నా వైపే చూస్తోంది. "క్యాన్సరొచ్చి చిక్కిపోయినప్పటి కుట్లమ్మా. ఇప్పుడు ఒళ్ళు చేసిన. గా మిగిలింది గూడ విప్పు," అన్నాను. కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. సిగ్గేసింది. జాకెట్టు మాత్రం మడవలేదు, తిరగేసినట్టే బల్ల మీద ఉంచాను.