కారు హ్యాండిలూ, మా నాన్న చెవీ

ముందుగా మన్నించండి... నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. కాగితం మీద రాసిస్తే మనవరాలు ఫోన్లోకి ఎక్కించింది. తప్పులుంటే నావే, దానివి కావు. అయిదో తరగతితో ఆపేసినవాణ్ణి.

మా చిన్నప్పుడు... దర్శిలో మా ఇంటి ముందు రేకుల షెడ్డు. ఒకరోజు పొద్దున్నే మిరపకాయల షావుకారు గారి కారు వచ్చి ఆగింది. కారు ముందు మా నాన్న సైదులు, పక్కన బానెట్టు ఎత్తి చిన్నాన్న. ఇద్దరికీ మాటల్లేవు... మధ్యలో నేను.

మా తాత దూదేకేవాడు. కొడుకులిద్దరూ ఇంజన్లు పట్టారు. చుట్టుపక్కల ఏ పాత ఇంగ్లీషు కారు మొరాయించినా మా షెడ్డుకే వచ్చేది. నాన్న పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఏ సిలిండరు సరిగ్గా కొట్టడం లేదో చెప్పేవాడు. ఆ చెవే మాకు అన్నం పెట్టింది.

చిన్నాన్న ఆ చెవి మీదే దెబ్బ కొట్టాడు. "మా అన్నకి చెవుడొచ్చిందండీ, ఇకనించి ట్యూనింగు నేను చూస్తా" అని షావుకారు గారితో అన్నాడు. నాన్న వెనకే ఉన్నాడు. శుభ్రంగా విన్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటలు పోయాయి.

స్పార్కు ఏ క్షణాన పడాలో సరిచేసే టైమింగు మాత్రం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు ముందు నిలబడి, బంపరు దగ్గర దూర్చిన వంకర ఇనప హ్యాండిల్‌తో ఇంజన్ని మెల్లగా తిప్పాలి. ఇంకొకరు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి, లాగి చూస్తూ ఉండాలి. కాగితం వదులై జారిందంటే, స్పార్కు పడేది సరిగ్గా అక్కడే. "వదిలింది" అని కేకెయ్యాలి. వీళ్ళు ఆ ఒక్క మాట కూడా అనుకోరు.

"వదిలిందని చెప్పరా మీ నాన్నకి."

"ఇంకోసారి చూడమనరా ఆ మొనగాణ్ణి."

రెండు బారల దూరంలో ఉన్న మనుషులకి నేను తపాలా మోసేవాణ్ణి. నాకా... అసలే నోట్లోంచి మాట రాదు.

ఆ పొద్దున చిన్నాన్న, "గట్టిగా చెప్పరా, ఆ చెవిటోడికి వినపడి చావదు" అన్నాడు. నేను వెళ్ళి అన్నది అన్నట్టే అప్పజెప్పాను. చెంప మీద ఒక్కటి పడింది... గ్రీజు చేత్తో.

"వాడి కూతలు ఇంకొక్కటి మోసుకొచ్చావంటే పళ్ళు రాలగొడతా!" అన్నాడు నాన్న.

షావుకారు గారు కారులో కూర్చుని కేకలు. "అవతల గుంటూరులో నా బేరం పోయేట్టుంది. మీ తగాదాలకి నా కారే దొరికిందంటయ్యా?"

ఎత్తు మీద కారు లాగడం లేదని ఆయన గోల. చిన్నాన్న డిస్ట్రిబ్యూటరు వదులు చేసి, స్పార్కు బాగా ముందుకు తిప్పి, మూత పెట్టాడు. మళ్ళీ కొద్దికొద్దిగా వెనక్కి తెచ్చి బిగించడానికి వేరే పానా కావాల్సి వచ్చింది. షావుకారు గారి కేకల మధ్య, షెడ్డులోకి వెళ్తూ నా దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. ఆ మాటలో వెటకారం లేదు... అది నాకిప్పటికీ గుర్తు.

"ఒరే, స్పార్కు ముందుకుంది. నేనొచ్చి వెనక్కి తిప్పిందాకా హ్యాండిల్ ముట్టుకోవద్దని చెప్పు. తన్నుద్ది."

స్పార్కు తొందరపడితే ఇంజను ఒక్కసారి వెనక్కి తిరిగి, హ్యాండిల్ పట్టిన చేతిని విరగ్గొడుతుంది. మా ఇంట్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు.

చెంప మండుతోంది. భయం కొంత... కసి కొంత. మీ మాటలు మీరే మోసుకు చావండి అనుకున్నాను. నోరు తెరవలేదు.

"అయిపోయిందిగా, తిప్పవయ్యా!" అంటూ షావుకారు గారు స్విచ్చు వేశారు. తమ్ముడు పక్కకి పోయాడు గనక పని అయిందనే నాన్నా అనుకున్నాడు. హ్యాండిల్ పట్టి ఒక్క ఊపు ఊపాడు.

టప్‌మంది. మణికట్టు విరిగింది...

చిన్నాన్న పరిగెత్తుకొచ్చాడు. నాన్న మట్టిలో కూర్చుని, "చంపుదామనుకున్నావురా నన్ను" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట.

"వీడితో చెప్పి పంపా గదా! ఏరా, చెప్పలేదూ?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"చెప్పా" అన్నాను.

నాన్న ముఖంలో కోపం చల్లారిపోయింది. అది ఉన్నా బాగుండేది. మంచి చేత్తో చెవి తడుముకున్నాడు. "చెప్పావా... నాకు వినపళ్ళేదురా" అన్నాడు.

చెయ్యి అతుక్కుంది, కాస్త వంకరగా. కానీ నాన్న మళ్ళీ ఏ ఇంజనుకీ చెవి ఆనించలేదు. అటక మీద ఉన్న తాత విల్లు దించి దూదేకడానికి పోయాడు. షెడ్డు చిన్నాన్నదైంది. వీధిలో అందరికీ నాన్న చెవిటి సైదులు. వాకిట్లో కూర్చున్నప్పుడు, ఇంకా మలుపు తిరగని లారీ చప్పుడుకి తలెత్తి, "ఒక ప్లగ్గు కొట్టట్లేదు" అని గొణిగేవాడు. లారీ కుంటుకుంటూ వచ్చేది. అయినా తన చెవిని తనే నమ్మేవాడు కాదు.

ఇప్పటి కార్లకి హ్యాండిలూ లేదు, సిగరెట్టు కాగితమూ లేదు. ఒకరు తిప్పితే ఇంకొకరు చెప్పే పనే లేదు... మంచిదైంది.

చిన్నాన్న మీద నాకింకా కోపమే. చెవిటోడన్న మాట ముందు పుట్టింది ఆయన నోట్లోనే. అయితే ఆ రోజు జాగ్రత్త చెప్పి పంపిందీ ఆయనే. అది చేరకపోవడం ఆయన తప్పు కాదు.

చిన్నాన్న పిల్లలు ఒంగోలు వైపున్నారు. మొన్నొక పెళ్ళిలో వాళ్ళల్లో ఒకరు నన్ను చూపించి, "చెవిటి సైదులు కొడుకు" అన్నారు. అప్పుడూ నేను నోరు తెరవలేదు. అందుకే ఈ రాత. మీలో ఎవరికైనా చిన్నప్పుడు మింగేసిన మాట ఉంటే మీరూ రాయండి... చిన్నాన్న పిల్లలు తెలిసినవాళ్ళుంటే వాళ్ళకి ఇది చూపించండి.

మా నాన్నకి చెవుడు లేదు. నేనే చెప్పలేదు.

ఈ ముక్క చేరిందని ఒక్క మాట... తొందరగా రాయండి.